అప్పటి నేను వేరు, ఇప్పటి నేను వేరా?

ప్రశ్న: ఈ మధ్య ప్రాసెస్ ఫిలాసఫీ గురించి చదువుతున్నాను. జీవితం స్థిరంగా ఉండే వస్తువు కాదట, ఎప్పటికప్పుడు మారుతూ కొత్తగా తయారయ్యేదట. అలాగైతే పదేళ్ల కిందట ఒకరికి మాట ఇచ్చిన నేనూ, ఇప్పటి నేనూ ఒకటి కాదుగా? ఆ మాట నేనెందుకు నిలబెట్టుకోవాలి? నిజంగానే టెన్షన్‌గా ఉంది.

జవాబు: మాట తప్పడానికి ఫిలాసఫీని సాక్ష్యానికి పిలుస్తున్నట్టున్నారు. ఇది మాత్రం మీ తరఫున సాక్ష్యం చెప్పదు.

ఈ ప్రాసెస్ ఫిలాసఫీకి ముఖ్యుడు ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్, మొదట లెక్కల మనిషి. 1924లో, అరవై దాటాక, హార్వర్డ్‌లో ఫిలాసఫీ చెప్పడానికి వెళ్లి, 1929లో ‘ప్రాసెస్ అండ్ రియాలిటీ’ తెచ్చాడు. ఆయన లెక్కలో లోకం వస్తువులతో కాదు, సంఘటనలతో తయారైంది. ఒక్కో అనుభవం తనకు ముందు జరిగినవాటిని లోపలికి తీసుకుని, ఒక రూపానికి వచ్చి, ముగిసిపోతుంది. మనిషంటే అలాంటివాటి వరస, ముందుదాని పోలికను తర్వాతది అందుకుంటూ పోతుంది. చాలామంది ఇక్కడిదాకా చదివి, సరే, పోయింది పోయినట్టే అని పుస్తకం మూసేస్తారు (మూసేయాలనిపించే పుస్తకమే అనుకోండి). కానీ ముగిసింది మాయమవదు, తర్వాత వచ్చేదానికి అదే ముడిసరుకు, ఇక దాన్ని ఎవరూ మార్చలేరు, పక్కన పెట్టేద్దామన్నా అలా పక్కన పెట్టడం కూడా మీరు ఇప్పుడు చేస్తున్న పనే అవుతుంది. కాబట్టి ఆ మాట ఇప్పటి మీలో ఉంది. పరిస్థితులు మారాయంటారా, ఆ మనిషితో కూర్చుని మాట్లాడండి, ఇద్దరూ ఒప్పుకుంటే మార్చుకోండి. ‘అప్పుడు మాటిచ్చింది నేను కాదు’ అనడం మాత్రం కుదరదు.

ప్రశ్న: ఇదంతా ప్రతిదీ క్షణంలో పుట్టి క్షణంలో పోతుందనే బౌద్ధుల క్షణికవాదమేగా, కొత్తేముంది?

జవాబు: చాలా దగ్గరిదే. పై పాఠకుడి సందేహం లాంటిదే ‘మిలింద పన్హ’ అనే పాత బౌద్ధ గ్రంథంలోనూ వస్తుంది. అందులో గ్రీకు రాజు మిలిందుడికి నాగసేనుడనే బౌద్ధ భిక్షువు ఒక దొంగ సంగతి చెబుతాడు. ఆ దొంగ, తోటవాడు నాటిన మామిడిపళ్లు వేరు, నేను కోసినవి వేరు అని వాదిస్తాడు. అయినా శిక్ష తప్పదని రాజే ఒప్పుకుంటాడు, ఆ పళ్లు వచ్చింది నాటినవాటి నుంచే కదా అని. తేడా ఎక్కడంటే, బౌద్ధులకు ఈ విచారణంతా పట్టు వదిలించి దుఃఖం పోగొట్టడానికి. వైట్‌హెడ్ ధ్యాస మాత్రం ఉన్నవాటి నుంచి అంతకుముందు లేనిది ఎలా పుడుతుందన్నదాని మీద, పైగా ఆయన లెక్కలో దేవుడికీ పని ఉంది. రెండూ చదవాలనుకుంటే ముందు నాగసేనుణ్ణే పట్టుకోండి, సులువుగా సాగుతుంది. వైట్‌హెడ్ సొంతంగా పుట్టించుకున్న మాటలకే సగం ఓపిక అయిపోతుంది.