మైకేల్ జాక్సన్‌ను క్వీన్ బృందం పక్కన నిలబెట్టవచ్చా?

మైకేల్ జాక్సన్ వేదికపై ఏ వాద్యమూ వాయించలేదనీ, ఆయన పేరుతో వచ్చిన పాటలలో చాలావాటిని ఇతరులు రాశారనీ, అటువంటప్పుడు సొంతంగా రాసి, వాయించి, పాడిన క్వీన్ వంటి రాక్ బృందంతో ఆయనను పోల్చడం న్యాయమేనా అనీ మీరు అడిగారు. ఈ విషయంలో మీకూ మీ అన్నయ్యగారికీ చాలాకాలంగా వాదన నడుస్తోందని కూడా రాశారు. నిస్సంకోచంగా పోల్చవచ్చని నా అభిప్రాయం. అయితే ఒకప్పుడు నేనూ మీలాగే అనుకునేవాణ్ణి కనుక, ఆ అభిప్రాయం ఎలా మారిందో చెప్పడమే సరైన జవాబు అవుతుంది.

1990ల చివరలో వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉన్నప్పుడు, సికింద్రాబాద్ నుంచి వచ్చిన మిత్రుడొకడు మా గదికి క్వీన్ కాసెట్లు తెచ్చాడు. భీమవరం మిత్రుడి పెట్టెలో జాక్సన్ కాసెట్లు ఉండేవి. నేను మొదటివాడి పక్షం. తన పాటకు తానే బాణీ కట్టుకోలేనివాడు సంగీతకారుడు కాడని ఎన్నో రాత్రులు గట్టిగా వాదించాను.

ముగ్గురికీ కలిపి ఒకే వాక్‌మన్ ఉండేది. దాని ఇయర్‌ఫోన్ తీగ పిన్ను దగ్గర తెగిపోవడంతో ఎడమ చెవిలో ఏమీ వినిపించేది కాదు. 1975లో వచ్చిన క్వీన్ పాట ‘బొహీమియన్ రాప్సొడీ’ని నేను కొన్ని నెలలపాటు ఆ కుడి చెవితోనే విన్నాను. నడుమ ఒపెరా తరహాలో సాగే భాగంలో పిలుపు వినిపించేది కాని, దానికి బదులు రావలసిన చోట ఖాళీయే ఉండేది. అది పాటలో కావాలని ఉంచిన నిశ్శబ్దమని నమ్మాను. హన్మకొండ చౌరస్తాలో కొత్త ఇయర్‌ఫోన్లు కొని పెట్టుకున్న రోజున, ఆ ఖాళీలన్నిటిలోనూ ఎడమవైపు నుంచి గొంతులు గుంపులుగా వచ్చి నిండేసరికి, మంచం మీద పడుకున్నవాణ్ణి లేచి కూర్చున్నాను.

తరువాత చదివితే తెలిసినదేమిటంటే, ఆ బృందగానమంతా క్వీన్ సభ్యులైన ఫ్రెడీ మెర్క్యురీ, బ్రయాన్ మే, రోజర్ టేలర్ అనే ముగ్గురి గొంతులే. 24 ట్రాకుల టేపు మీద ఒక పొరపై మరొక పొరగా మళ్లీ మళ్లీ పాడి, వారాల తరబడి శ్రమించి ఆ భాగాన్ని నిర్మించారు. అంటే నేను ప్రాణంగా ప్రేమించిన రాక్ పాట నలుగురు మనుషులు ఒక గదిలో నిలబడి ఏకబిగిన వాయించినది కాదు. జాక్సన్ వంటివారి పాప్ సంగీతంలో నేను లోపమని ఎంచిన స్టూడియో పనితనమే దానికి ఆయువుపట్టు.

అదే వారంలో భీమవరం మిత్రుడు పట్టుబట్టి ‘బీట్ ఇట్’ వినిపించాడు. 1982 నవంబరులో విడుదలైన ‘థ్రిల్లర్’ ఆల్బంలోని పాట అది. రాసినదీ, బాణీ కట్టినదీ జాక్సనే. ఆ పాట నడుమ ఎవరో తలుపు తట్టినట్టు చిన్న చప్పుడు వస్తుంది, వెంటనే గిటారు విరుచుకుపడుతుంది. ఆ వేళ్ల వేగాన్ని సికింద్రాబాద్ మిత్రుడు రెండు క్షణాల్లో గుర్తుపట్టి ‘ఇది వాన్ హేలెన్ కదరా!’ అన్నాడు. పేరున్న రాక్ గిటారిస్టు ఎడీ వాన్ హేలెన్ ఆ సోలోకు, అంటే నడుమ ఒంటరిగా సాగే ఆ గిటారు వాయింపుకు, పారితోషికం కూడా తీసుకోలేదు. మిగిలిన గిటార్లలో చాలావరకు టోటో అనే రాక్ బృందానికి చెందిన స్టీవ్ లుకథర్, డ్రమ్ములను అదే బృందపు జెఫ్ పోర్కారో వాయించారు. పాప్ అని పక్కన పెట్టిన పాటలో రాక్ వాద్యకారులే ఉన్నారని తెలిశాక, నేను గీసుకున్న గీతకు అర్థం లేకుండా పోయింది.

రచన విషయానికి వస్తే, ‘థ్రిల్లర్’లోని తొమ్మిది పాటలలో నాలుగు జాక్సన్ రాసినవే. వాద్యం పట్టకుండా ఆయన పాటను ఎలా కట్టేవాడన్నది నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించే సంగతి. బేస్ గిటారు నడకనూ, తాళాన్నీ, తీగవాద్యాల స్వరాలనూ ఒక్కొక్కటిగా నోటితో పాడి టేపు మీదికి ఎక్కించి, వాద్యకారులు అచ్చంగా అలాగే వాయించాలని అడిగేవాడు. పాట మొత్తం ముందుగా ఆయన తలలోనే సిద్ధమయ్యేదన్నమాట. ‘బిల్లీ జీన్’ మొదట్లో దాదాపు అర నిమిషం పాటు గొంతు వినపడదు; డ్రమ్ము, దాని మీద బేస్ నడుస్తూ ఉంటాయి. ఆ ఆరంభం మరీ పొడవుగా ఉందని నిర్మాత క్విన్సీ జోన్స్ అన్నా, దాన్ని వింటుంటేనే నాట్యం చేయాలనిపిస్తోందని జాక్సన్ తగ్గించడానికి ఒప్పుకోలేదు. ఆ నిర్ణయం నా దృష్టిలో సంగీతకారుడిదే.

పైగా ఇతరుల పాట పాడడం తక్కువతనమైతే, రాక్ అభిమానులు ముందుగా ఎల్విస్ ప్రెస్లీని వదులుకోవాలి. బాబ్ డిలన్ పాటను 1968లో జిమీ హెండ్రిక్స్ తన గిటారుతో తనదిగా చేసుకున్నాడు, దాన్ని లోపమని ఎవరూ అనరు. తెలుగువాళ్లమైన మనకు ఈ సంగతి విడిగా చెప్పనక్కరలేదు. పి. సుశీలగారు తాను పాడిన పాటలకు బాణీలు కట్టలేదు కనుక చిన్న గాయని అని మన ఇళ్లలో ఎవరైనా అంటే ఊరుకుంటామా?

క్వీన్ గొప్పతనాన్ని నేను తగ్గించడం లేదు. నలుగురు సభ్యులూ పేరుపొందిన పాటలు రాసిన బృందాలు చాలా అరుదు. వేదిక విషయంలో నా మొగ్గు ఇప్పటికీ వారివైపే. 1985 జూలై 13న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో విరాళాల కోసం జరిగిన లైవ్ ఎయిడ్ కచేరీలో సుమారు ఇరవై నిమిషాలలో వారు చేసిన పనికి సాటి వచ్చేది నేను మరొకటి చూడలేదు. లయ విషయంలో మాత్రం, ఊపిరిని కూడా తాళంగా మార్చుకున్న జాక్సన్‌నే పైన ఉంచుతాను. వాళ్ల మధ్య మనం కట్టినంత గోడ కూడా లేదు. క్వీన్ బేస్ గిటారు వాద్యకారుడు జాన్ డీకన్ రాసిన ‘అనదర్ వన్ బైట్స్ ద డస్ట్’ను 1980లో సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా, విడుదల చేయమని ప్రోత్సహించినది జాక్సనేనని క్వీన్ సభ్యులే చెప్పారు. ఫ్రెడీ, జాక్సన్ 1983లో కలిసి పాడి చూశారు. అందులో ఒక పాట 2014లో వెలువడింది.

మీరూ మీ అన్నయ్యగారూ ఈసారి వాదనకు కూర్చునే ముందు ‘బొహీమియన్ రాప్సొడీ’, ‘బీట్ ఇట్’ పాటలను ఒకసారి ఎడమ చెవితో, ఒకసారి కుడి చెవితో, ఆ తరువాత రెండు చెవులతో వినండి. మొదటిదానిలో ఏ గొంతు ఎటునుంచి వస్తోందో, రెండవదానిలో సోలో సాగుతున్నంతసేపూ కింద డ్రమ్ము ఎలా నడుస్తోందో ఒక కాగితం మీద రాసుకోండి.