మన్యంలో పశువుకు వచ్చిన దొమ్మ రోగం మనిషికి ఎలా సోకుతుంది?

పాడేరు, అరకు కొండల్లో అప్పుడప్పుడు వినబడే ఆంత్రాక్స్ ఇదే. చిక్కంతా మట్టిలో ఉంది. ఈ బాక్టీరియా గాలి తగిలితే గట్టి పెంకు కట్టుకుని, విత్తనంలా నేలలో దశాబ్దాల పాటు నిలిచి ఉంటుంది. ఎండలకు గడ్డి కురచబడి పశువు మట్టితో సహా కొరికినప్పుడో, వాన ఆ మట్టిని పైకి తేల్చినప్పుడో దాని కడుపులోకి చేరుతుంది. నిన్నటి వరకు మేసిన ఎద్దు హఠాత్తుగా కూలిపోతుంది. ముక్కు నుంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారుతుంది.

కళేబరాన్ని కోయకపోతే లోపలి బాక్టీరియా చాలావరకు ఆ కుళ్లులోనే చస్తుంది. కోస్తే మనిషికీ ముప్పు, నేలకూ ముప్పు. అయితే మాంసం ఎప్పుడో గాని దొరకని ఇంటికి ‘పాతిపెట్టండి’ అని చెప్పడం తేలికే. వినకపోతే అజ్ఞానమని కొట్టిపారేయడం నాకు నచ్చదు.

కోసినవారి చేతి మీద దురద పెట్టే పొక్కు లేచి, కొద్ది రోజుల్లో నల్లటి పుండవుతుంది. దానికి నొప్పి ఉండదు, అందుకే ఆసుపత్రికి ఆలస్యంగా వెళతారు. తొలిదశలోనే వెళితే యాంటీబయాటిక్ మందులతో నయమవుతుంది. పశువులకైతే ఏటా టీకా వేయించాలి, ముఖ్యంగా ఒకసారి రోగం కనబడిన ఊళ్లలో. చనిపోయినదాన్ని మాత్రం కోయకుండా, వాగుకు దూరంగా లోతుగా పాతాలి.