బాణం ఎక్కడ తగిలిందో కనిపించాలంటే కెమెరా ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది నల్గొండ, ఇప్పుడు టెక్సాస్‌లో ఆస్టిన్ దగ్గర ఉంటున్నాం. రెండేళ్ళ నుంచి కాంపౌండ్ బో (కప్పీలుండే విల్లు) నేర్చుకుంటున్నా, పోయినేడాది ఆఫీసులో ఫ్రెండ్ వాళ్ళ లీజుకి (వేట కోసం అద్దెకి తీసుకున్న స్థలానికి) వెళ్ళి మొదటిసారి జింక వేటకి చెట్టు మీద స్టాండులో కూర్చున్నా. ఈ ఆర్చరీ సీజన్ కోసం గోప్రో 12 అనే చిన్న కెమెరా కొన్నా. విల్లుకి బిగించే మౌంటు, తలకి కట్టుకునే పట్టీ, ఛాతీకి కట్టుకునేది, మూడూ తెచ్చా. ఇంటి వెనక ట్రై చేస్తే దేంట్లోనూ సరిగ్గా రావట్లేదు, ఇరవై గజాల్లో ఉన్న టార్గెట్ చీమలాగా కనిపిస్తోంది. మూడింట్లో ఏది వాడమంటారు?

జవాబు: తమ్ముడూ, మూడూ వద్దు. కెమెరాని చెట్టుకి కట్టు. ఎందుకో చెప్తా, కొంచెం ఓపిగ్గా చదువు.

నాలుగేళ్ళ కిందట నేనూ నీలాగే విల్లుకే పెట్టా. పద్దెనిమిది గజాల్లో ఆడజింక వచ్చింది, బాణం వదిలా, తగిలిన చప్పుడు కూడా విన్నా, అది పొదల్లోకి ఉరికింది. సరే వీడియో ఉంది కదా, బాణం ఎక్కడ తగిలిందో చూద్దామని ప్లే చేస్తే ఏముంది, విల్లు ఒక్కసారి అదిరింది, తర్వాత అంతా గడ్డి. బాణం వదలగానే చెయ్యి కిందికి జారుతుంది కదా, కెమెరా కూడా దాంతోపాటే నేలచూపు చూసింది, సరిగ్గా నాకు కావాల్సిన ఆ అర సెకనే అందులో లేదు. ఊపిరితిత్తులకే తగిలిందని నాకు నేనే అనుకుని ఇరవై నిమిషాలకే దిగి వెతకడం మొదలుపెట్టా. అరవై గజాల్లో పడుకుని ఉన్నది నన్ను చూసి లేచి పారిపోయింది. కాలేయానికి తగిలిందన్నమాట. దొరికేసరికి మర్నాడు పొద్దున అయింది, అప్పటికే కొయొటీలు (అక్కడి నక్కల్లాంటివి) తినేశాయి. నేను ఆగి ఉంటే అది పడుకున్న చోటే ప్రశాంతంగా పోయేది. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ మనసు బాగోదు.

అందుకే నా లెక్కలో వేటకి తీసుకెళ్ళే కెమెరాకి మొదటి పని బాణం ఎక్కడ తగిలిందో చూపించడం. గుండె, ఊపిరితిత్తులు అయితే అరగంట ఆగితే చాలు, కాలేయం అయితే నాలుగైదు గంటలు, పొట్ట అయితే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఆగాలని అనుభవం ఉన్నవాళ్ళు చెప్తారు. టెక్సాస్ ఎండల్లో మాంసం పాడవుద్దన్న భయం కూడా ఉంటుంది కాబట్టి ఊహించి నిర్ణయం తీసుకోలేం, చూసి తీసుకోవాలి. నలుగురికి చూపించుకునే వీడియో ఆ తర్వాత సంగతి.

విల్లు మీద ఇంకో తంటా కూడా ఉంది. గోప్రో 12 దాదాపు 150 గ్రాములు, విల్లు ముందు భాగంలో అంత బరువు చేరితే గురి చూసే నీ సైట్ సెట్టింగ్ మళ్ళీ చూసుకోవాల్సిందే. కెమెరా బిగించేది స్టెబిలైజర్ (విల్లు ఊగకుండా ముందు పెట్టే కడ్డీ) రంధ్రంలో, దాని మర కొలత 5/16-24, కెమెరాల మర 1/4-20, అందుకని మధ్యలో అడాప్టర్ కావాలి, దానికో స్క్రూ, ప్రతి షాట్‌కీ అదిరి అదిరి ఆ స్క్రూ వదులవుతుంది, వదులైతే గలగలమంటుంది. ఆ చప్పుడు ఎంత నష్టమో లెక్కేసి చూడు. ఇరవై గజాలంటే అరవై అడుగులు, సెకనుకి 280 అడుగులు పోయే బాణానికి అక్కడికి చేరడానికి సెకనులో అయిదో వంతు పడుతుంది, శబ్దమేమో సెకనుకి దాదాపు 1100 అడుగులు పోతుంది కాబట్టి చాలా ముందే జింక చెవిలో పడిపోతుంది. ఆ సందులోనే అది ఉలిక్కిపడి ఒక్కసారిగా కిందికి వంగుతుంది, బాణం అనుకున్నచోట కాకుండా పైన తగులుతుంది. విల్లు మీద ఒక్క వదులు స్క్రూ కూడా ఉండకూడదనేది అందుకే.

ఛాతీ పట్టీ ఎందుకు పనికిరాదంటే, విలుకాడు పక్కకి తిరిగి నిలబడతాడు కదా, నీ ఛాతీ జింక వైపు ఉండనే ఉండదు, పైగా స్ట్రింగ్ (వింటినారి) పోయే దారిలో ఏదైనా అడ్డొస్తే బాణం ఎటు పోతుందో ఎవరికీ తెలీదు. తలపట్టీ కొంచెం నయం కానీ నుదుటి మీద ముందుకి పొడుచుకొచ్చిన కెమెరాకి ఫుల్ డ్రాలో (పూర్తిగా వెనక్కి లాగినప్పుడు) స్ట్రింగ్ తగలొచ్చు, తల కొంచెం వంచినా ఫ్రేము ఆకాశంలోకో నేలలోకో పోతుంది. తల మీదే కావాలంటే చిన్న కెమెరా తీసుకో, ఇన్‌స్టా360 గో 3 అయితే 35 గ్రాములే, టోపీకి పక్కగా, స్ట్రింగ్ ముఖానికి తగిలే వైపు కాకుండా రెండోవైపు క్లిప్ చెయ్యి, ముందు బాణం లేకుండా మెల్లగా లాగి చూసి మెల్లగానే దించు, లాగి ఖాళీగా మాత్రం వదలొద్దు, విల్లు విరుగుతుంది.

ఇప్పుడు చెట్టు సంగతి. స్ట్రాప్‌తో బిగించే కెమెరా ఆర్మ్ తీసుకో. చెట్టులోకి మర తిప్పి దించేవి కూడా దొరుకుతాయి కానీ చాలా పబ్లిక్ ల్యాండ్స్‌లో చెట్టుకి మేకులు, స్క్రూలు దించనివ్వరు, స్ట్రాప్ అయితే ఎక్కడికైనా పనికొస్తుంది, చెట్టుకీ గాయం ఉండదు. నువ్వు కుడిచేత్తో లాగేవాడివైతే కెమెరాని ఎడమవైపు, తలకన్నా ఒక అడుగు పైన పెట్టు, కుడి మోచెయ్యి వెనక్కి వచ్చినప్పుడు తగలకుండా. హార్నెస్ (చెట్టు మీంచి పడిపోకుండా కట్టుకునే పట్టీలు) వేసుకుని, నిలబడి, ఫుల్ డ్రా చేసి చూశాకే స్ట్రాప్ గట్టిగా బిగించు. జింక వస్తుందనుకునే చోట ముందే ఒక సంచీ పెట్టి అది ఫ్రేము మధ్యలో పడుతుందో లేదో చూసుకో.

చీమలాగా కనిపించడం వెడల్పు లెన్స్ వల్ల. లెన్స్ సెట్టింగ్‌ని లీనియర్‌కి (కాస్త ఇరుకుగా చూపేది) మార్చు, ఆ కెమెరాలో అన్నిటికన్నా పెద్ద రిజల్యూషన్ 5.3కేలో తియ్యి, ఇంటికెళ్ళాక మధ్య భాగం క్రాప్ చేస్కో, సగానికి కోసినా ఫోనులో చూడటానికి బాగానే ఉంటుంది. టెక్సాస్‌లో సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా వేటాడొచ్చు, జింకలు వచ్చేదీ ఎక్కువగా ఆ మసక వెలుతురులోనే, చిన్న సెన్సర్ అక్కడే చతికిలబడుతుంది. కాబట్టి పొద్దున్నే, సాయంత్రం సెకనుకి 30 ఫ్రేములే పెట్టు, చెట్టుకి కట్టావు కాబట్టి కుదుపులు తగ్గించే స్టెబిలైజేషన్ సెట్టింగ్ ఆపెయ్యి. బాగా వెలుగున్నప్పుడు 4కేకి దించి 120 ఫ్రేములు పెడితే బాణం పోయే దారి కూడా తెలుస్తుంది. బీప్ శబ్దాలు, లైట్లు, ముందువైపు స్క్రీను అన్నీ ఆపు. హైండ్‌సైట్ అని ఒక సెట్టింగ్ ఉంది, బటన్ నొక్కడానికి ముందు 15 లేదా 30 సెకన్లు కూడా దాచిపెడుతుంది, కంగారులో నొక్కడం ఆలస్యమైనా పర్లేదు, కాకపోతే బ్యాటరీ తినేస్తుంది, స్పేర్ బ్యాటరీ లోపలి జేబులో వెచ్చగా పెట్టుకో.

ఇంకోటి, ఇది మాత్రం మర్చిపోకు. చెట్టెక్కేటప్పుడు చేతిలో కెమెరా ఉండకూడదు, విల్లూ ఉండకూడదు. రెండూ పైకెక్కి హార్నెస్ తగిలించుకున్నాక తాడుతో లాక్కోవాలి. కెమెరా సర్దుతూ ఒంగి పడిపోయావంటే ఇంట్లోవాళ్ళకి ఏం చెప్పాలి.

తర్వాతెప్పుడైనా ఎల్క్ (పెద్ద జాతి జింక) కోసం కొలరాడో, ఐడహో వైపు వెళ్తే విల్లుకి బ్యాటరీ వస్తువులు తగిలించడం మీద అక్కడ రూల్స్ వేరే ఉంటాయి, ఆ ఏడాది వేట రూల్స్ పుస్తకం చదువుకుని వెళ్ళు. రికార్డులు నమోదు చేసే పోప్ అండ్ యంగ్ క్లబ్ కూడా విల్లు మీద కెమెరాని 2014లో గానీ ఒప్పుకోలేదు. చెట్టుకి కడితే విల్లు మీద ఏమీ ఉండదు కాబట్టి ఆ గొడవ నీకు రాదు.

ప్రశ్న: సార్, మాది వరంగల్. మా బావ టెక్సాస్‌లో చుక్కల దుప్పిని విల్లుతో కొట్టిన వీడియో ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. ఇంట్లో పెద్ద గొడవైంది. అక్కడ అది నిజంగా తప్పు కాదా? మా పొలం పక్క అడవిలోకి కూడా దుప్పులు వస్తాయి, నేను కూడా అలా వీడియో తియ్యొచ్చా?

జవాబు: అక్కడ తప్పు కాదండీ. చుక్కల దుప్పి మన దేశపు జంతువే, టెక్సాస్‌కి 1932 ప్రాంతంలో తీసుకెళ్ళారు, అక్కడ బాగా పెరిగిపోయి స్థానిక జింకల మేత తింటోంది. దాన్ని బయటి జంతువు కింద లెక్కేస్తారు కాబట్టి లైసెన్సు, భూమి యజమాని అనుమతి ఉంటే ఏడాది పొడుగునా వేటాడొచ్చు. మన దగ్గర అదే జింక తెలంగాణ రాష్ట్ర జంతువు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని చంపితే జైలే, విల్లుతో అయినా ఉచ్చుతో అయినా. మీ ఇంట్లోవాళ్ళ కోపం నాకు అర్థమవుతుంది, చిన్నప్పటి నుంచీ ముట్టుకోకూడదని చెప్పిన జంతువు రక్తంతో కనిపిస్తే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. బావగారికి చెప్పండి, బాణం తగిలే ముక్క తన దగ్గరే ఉంచుకుని అడవి, తెల్లారే వెలుగు, వంట ఇలాంటివి గ్రూపులో పెట్టమని.

మీరు మాత్రం విల్లు జోలికి పోకండి. మీ సొంత పొలం గట్టు మీద చెట్టుకి ఇదే కెమెరా ఇలాగే స్ట్రాప్‌తో కట్టి, నీళ్ళ తొట్టి వైపు తిప్పి, తెల్లవారుజామున ఆన్ చేసి వచ్చెయ్యండి. టైమ్‌లాప్స్‌లో (కొంచెం కొంచెం సేపటికి ఒక్కో ఫొటో తీసే పద్ధతి) పెట్టి పవర్ బ్యాంకు తగిలిస్తే చాలాసేపు వస్తుంది, వైరు పెట్టాలంటే పక్క తలుపు తియ్యాలి కాబట్టి వాన, మంచు పడకుండా చూసుకోండి. ఫారెస్టు హద్దు దాటి లోపల పెట్టాలంటే మాత్రం అటవీశాఖ అనుమతి కావాలి.

ప్రశ్న: విజయవాడ నుంచి రాస్తున్నానండీ. మా పాప కాంపౌండ్ ఆర్చరీ నేర్చుకుంటోంది. ఫామ్ (నిలబడే, లాగే తీరు) చూసుకోవడానికి విల్లుకే కెమెరా పెడదామంటోంది, పెట్టొచ్చా?

జవాబు: ప్రాక్టీసులో కూడా వద్దమ్మా. పోటీల్లో విల్లుకి ఎలక్ట్రానిక్ వస్తువు తగిలించనివ్వరు, ప్రాక్టీసులో ఒక బరువుకి అలవాటుపడి పోటీలో ఇంకో బరువుతో వెయ్యాలంటే పిల్లకి ఇబ్బంది. రెండు ట్రైపాడ్లు చాలు, షూటింగ్ లైను వెనకే, ఒకటి సరిగ్గా పాప వెనక భుజం ఎత్తులో, ఇంకోటి పక్కన మోచెయ్యి కనిపించేలా. ఫోన్లు పెట్టినా సరిపోతుంది, 120 ఫ్రేములు తీసేదైతే రిలీజ్ దగ్గర వేలు కదలిక కూడా తెలుస్తుంది. తీసినవి ఆ సాయంత్రమే కోచ్‌తో కూర్చుని చూడండి.