నిద్ర వస్తలేదు అన్నోళ్ల ఇంటికి పోయినప్పుడు

బిడ్డా,

పల్లె దవాఖానల నర్సుగా జాయిన్ అయినవని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, మస్తు సంతోషం అయింది. బీపీ, షుగర్, టీకాలు, రిజిస్టర్లు ఇవన్నీ ట్రైనింగ్‌లనే నేర్పుతరు, వాటి గురించి నేను చెప్పేదేం లేదు. నేను చెప్పేది నిద్ర గురించి. ముప్పై ఏండ్లకు పైన ఏఎన్ఎంగా ఊర్లు తిరిగిన గదా, అందులో సగం ఏండ్లు "రాత్రి కన్ను మూత పడ్తలేదమ్మా" అని ఎవరన్న అంటే "వయసు మీద పడ్డంక గంతే" అనుకుంట బీపీ చూసి వచ్చేసేదాన్ని.

ఒక అవ్వ మూడు నెలలు అదే మాట చెప్పింది, నేను ఇన్నట్టే ఇన్న. ఒకనాడు వాళ్ల కోడలు ఊకనే అన్నది, రాత్రి నాలుగుసార్లు లేస్తది, చీకట్ల బాత్రూంకు పోతది, పడ్తదేమో అని నాకు భయం అని. అప్పుడు గోలీల కవర్ తెచ్చి చూపియ్యమన్న, చూస్తే ఒంట్ల నీరు తీసే లాసిక్స్ గోలీ రాత్రి అన్నం తిన్నంక ఏస్కుంటుంది! అది ఆరు గంటల దాంక మూత్రం పోయిస్తనే ఉంటది, ఇంక నిద్రెక్కడిది. పీహెచ్‌సీ డాక్టర్ సార్‌ను అడిగితే పొద్దుగాలకు మార్చిండు, వారం రోజులల్ల అవ్వ నిద్ర దారికొచ్చింది. టైం మనంతట మనం మార్చొద్దు, సార్‌ను అడిగే చెయ్యాలె, కానీ ఏ గోలీ ఏ పూట ఏస్తున్నరో కండ్లతోని చూడాల్సింది మాత్రం మనమే, ఓపీల కూసున్న డాక్టర్‌కు ఆ కవర్ కనపడదు.

అందుకే నిద్ర అనంగనే అడుగు, ఎన్నింటికి పండుతవ్, ఎన్నింటికి లేస్తవ్, పగలు ఎంత సేపు నడుం వాలుస్తవ్, ఆఖరి చాయ్ ఎన్ని గంటలకు. ముసలోళ్లు చానమంది ఎనిమిదింటికే పంటరు, రెండింటికి మెలకువ వస్తది, నిద్రే లేదంటరు. లెక్క పెడితే ఆరు గంటలు అప్పటికే అయిపోయింది, పైంగ మధ్యాహ్నం రెండు గంటలు! వాళ్లకు గోలీ అక్కర్లేదు, పగటి నిద్ర తగ్గించి రాత్రి పదింటి దాంక కూసోబెడితే సగం పని అయిపోతది. రాత్రి ఎప్పుడు పండుకున్నా పొద్దుగాల మాత్రం రోజూ ఒకటే టైంకు లేవాలె. నిద్ర పట్టకుంటే మంచం మీద దొర్లుకుంట గడియారం చూడొద్దు, లేచి బయట కూసోవాలె, కండ్లు మూతలు పడ్డప్పుడే మళ్ల పండాలె. చెప్పి ఊకోకు, నోట్‌బుక్‌ల వారం రోజులు రాయించు, చదువు రాకుంటే మనవడు రాస్తడు.

ఇగ మన దిక్కు అసలు సంగతి కల్లు. చెట్టు కల్లు వేరే. కొన్ని కల్లు కాంపౌండ్లల్ల అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు మందులు కలుపుతరు, ఏండ్ల తరబడి తాగినోళ్లకు అది లేకుంటే నిద్ర రాదు. ఒక్కపారి బంద్ చేసిండ్రనుకో, ఒకటి రెండు రోజులల్ల చేతులు వణుకుతయ్, చెమటలు, ఏదేదో మాట్లాడుతరు, ఫిట్స్ గూడ వస్తయ్. 2015ల కల్తీ కల్లు మీద దాడులు చేసి దుకాణాలు మూసేస్తే నిజామాబాద్ దిక్కు, ఇటు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక దవాఖానకు ఎంతమంది పోయిండ్రో, గాలి సోకిందని తాయెత్తులు కట్టించినోళ్లు గూడ ఉన్నరు. అందుకే "రేపటి సంది కల్లు మానెయ్" అని నోరు జారకు, మంచి మాట లెక్కనే ఉంటది కానీ ప్రమాదం. ముందు డాక్టర్‌కు చూపియ్యాలె, మెల్లమెల్లగ తగ్గిస్తరు. వణుకు, ఫిట్స్ కనపడితే 108కి ఫోన్ కొట్టు. అట్లనే మెడికల్ షాపుల చీటీ లేకుండ నిద్ర గోలీలు కొనేటోళ్లను, ఆర్ఎంపీ దగ్గర తీస్కునేటోళ్లను కనిపెట్టు. నువ్వు తిడితే దాస్తరు బిడ్డా, తిట్టకుండ అడుగు.

గురక గురించి ఆడోళ్లు నవ్వుకుంట చెప్తరు, నువ్వు నవ్వకు. ఒక ఆటో డ్రైవర్‌కు రెండు రకాల గోలీలు ఏసినా బీపీ దిగలే. భార్యను పక్కకు పిలిచి అడిగితే "రాత్రి గురక ఆగి శ్వాస గూడ ఆగినట్టు అయితదమ్మా, మళ్ల ఎగిసిపడ్తడు" అన్నది. లావు మెడ, పగలు ఆటో నడిపేటప్పుడు కునుకు, మూడు కలిస్తే జిల్లా దవాఖానకు రాసి పంపాలె, నిద్ర టెస్టు కావాల్నా అని చూస్తరు. అసొంటోళ్లకు నిద్ర గోలీ ఇస్తే శ్వాస ఇంక మందగిస్తది, ఇది మాత్రం మర్వకు.

గర్భిణీలు పండుకోంగనే కాళ్లు గుంజుతున్నయ్, కదిలిస్తనే నిమ్మళం అంటే రక్తం చూడు, ఐరన్ తక్కువుంటే గూడ అట్ల అయితది. ఇన్సులిన్ తీస్కునేటోళ్లు అర్ధరాత్రి చెమటలతోని లేస్తున్నమంటే షుగర్ పడిపోతుందేమో చూడాలె. దిండ్లు ఎత్తు పెట్టుకుంటనే ఊపిరి ఆడుతుందంటే గుండె సంగతి కావొచ్చు, ఆ దినమే పంపు. తెల్లారుజామున మూడింటికే లేచి ఏడ్చేటోళ్లుంటే పక్కన కూసొని "బతకబుద్ధి అయితలేదా" అని సూటిగనే అడుగు, అడిగితే ఆ ఆలోచన రాదు, భయపడకు. ఉన్నదంటే ఒంటరిగ ఇడ్వకుండ ఇంట్లోళ్లను పిలువు, పురుగుల మందు డబ్బాలు దూరం పెట్టించు, ఆ దినమే డాక్టర్ దగ్గరికి పంపు. మనసు బాధలకు సర్కారోళ్ల ఫోన్ సాయం టెలీ మానస్ ఉంది, నంబర్ 14416, రాత్రి పగలు ఎత్తుతరు, తెలుగులనే మాట్లాడొచ్చు.

బతుకమ్మకు వచ్చినప్పుడు ఆ నోట్‌బుక్కులు నాలుగు పట్టుకొని రా, ఇద్దరం కూసొని చూద్దం. పేర్లు మాత్రం కొట్టేసి తే.

మీ పెద్దమ్మ