దేవుని భయం ఇంట్లో ఎవరి చేతిని ఆపాలి?

ప్రశ్న: మా పెళ్లై పదిహేనేళ్లు. ఇద్దరం చిన్నప్పటి నుంచి సంఘంలో పెరిగినవాళ్లమే. ఎనిమిది నెలల క్రితం మా సంఘంలో మూడు రోజులు ఉజ్జీవ కూటాలు జరిగాయి. వాక్యం చెప్పడానికి వచ్చిన దైవజనులు చాలా గట్టిగా మాట్లాడారు. దేవుని భయం లేని భక్తి ఉత్త వేషం అన్నారు. మావారు ఆ రాత్రి నిద్రపోలేదు. ఆఫీసులో ప్రయాణ ఖర్చుల కింద ఎక్కువ రాసి తీసుకున్న డబ్బంతా లెక్కగట్టి, వారం తిరిగేలోగా కట్టేశారు. నేను సంతోషంతో ఏడ్చాను. కానీ ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. తెల్లవారుజామున నాలుగున్నరకే అందరం లేచి ప్రార్థనలో ఉండాలి. మా పాపకు పన్నెండేళ్లు. వాక్యం కంఠతా రాలేదని మొన్న అరగంట మోకాళ్ల మీద ఉంచారు. చిన్న అబద్ధం దొరికినా, బైబిల్లో అబద్ధం ఆడి అక్కడికక్కడే పడి చనిపోయిన అననీయ, సప్పీరాల కథ చదివిస్తారు. ఇప్పుడు పాప రాత్రి పడుకున్నాక మూడు నాలుగుసార్లు లేచి నా దగ్గరికి వస్తోంది. "అమ్మా, అన్నీ ఒప్పుకున్నానా? ఏదైనా మర్చిపోయి ఉంటే?" అంటుంది. నేను అడ్డు చెబితే "నీకు దేవుని భయం లేదు" అంటారు. నిజం చెప్పాలంటే నాకు ప్రార్థన చేసుకోవాలనే అనిపించడం లేదు. కళ్లు మూసుకుంటే దేవుడు కూడా మావారి ముఖంతోనే కనిపిస్తున్నాడు. సంఘం మారాలా? నేనే విశ్వాసంలో జారిపోయానా?

జవాబు: చెల్లీ, మీ ఉత్తరంలో ఆ చివరి మాటలు చదివి చాలాసేపు ముందుకు వెళ్లలేకపోయాను. వాటి దగ్గరికి వస్తాను. కానీ ముందు పాప సంగతి చూద్దాం. ఈ రాత్రి కూడా ఆ పిల్ల లేచి వస్తుంది, మీరు ఏదో ఒకటి చెప్పాల్సి ఉంటుంది.

ఆ వయసు భయం నాకు తెలుసు. ప్రభువు మళ్లీ వచ్చి తనవాళ్లను పైకి తీసుకెళ్లే రాకడ గురించి ప్రసంగం విన్న మర్నాడు నేను బడి నుంచి ఇంటికొచ్చాను. తలుపు బార్లా తీసి ఉంది. అమ్మ చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. ఎన్నిసార్లు పిలిచినా పలుకు లేదు. అమ్మ ఎత్తబడిపోయింది, నేను విడువబడ్డాను అనుకున్నాను. పుస్తకాల సంచి భుజాన ఉండగానే గుమ్మంలో కూలబడ్డాను. చెప్పుల్లేకుండా పక్కింటికి వెళ్లిన అమ్మ తిరిగొచ్చేసరికి పది నిమిషాలు కూడా అయి ఉండవు. ఆ పది నిమిషాల గురించి అమ్మకు మాత్రం నేను పెద్దదాన్నయ్యేదాకా చెప్పలేదు. చెబితే "నీకు విశ్వాసం లేదు" అంటుందేమోనని. మీ పాప లేచి మీ దగ్గరికి వస్తోంది. ఆ దారి మూసుకుపోకుండా చూసుకోండి. ఎంత అలసిపోయినా విసుక్కోకండి.

అయితే ఒక్క జాగ్రత్త. అడిగిన ప్రతిసారీ "ఒప్పుకున్నావమ్మా, దేవుడు క్షమించాడు" అని చెబుతూ పోతే ఆ అనుమానం తగ్గదు, పెరుగుతుంది. 1522లో స్పెయిన్‌లోని మన్రెసాలో ఇగ్నేషియస్ లొయోలా ఇదే బాధ పడ్డాడు. తర్వాతి కాలంలో జెసూట్ అనే కాథలిక్ గురువుల సభ స్థాపించినవాడు ఆయనే. పాపాలన్నీ జాగ్రత్తగా రాసి ఒప్పుకున్నాక కూడా ఏదో మిగిలిపోయిందన్న అనుమానం ఆయన్ను వదల్లేదు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన దాకా వెళ్లాడు. ఒప్పుకోలు వినే గురువు, "చాలా స్పష్టంగా తెలిసిన పాపమైతే తప్ప పాతవి మళ్లీ చెప్పవద్దు" అన్నాడు. ఇగ్నేషియస్‌కు అన్నీ స్పష్టంగానే కనిపించాయి. ఆ ధైర్యపు మాట అక్కడికక్కడే వృథా అయింది. ప్రొటెస్టంట్ ఉద్యమానికి నాంది పలికిన మార్టిన్ లూథర్ కూడా మఠంలో ఉన్న రోజుల్లో గంటల తరబడి ఒప్పుకోలు చేసి, బయటికొచ్చాక మరొకటి గుర్తొచ్చి మళ్లీ వెళ్లేవాడు. వీళ్లకు భక్తి తక్కువై ఇలా జరగలేదు కదా. మనసు ఒకచోట ఇరుక్కుపోయింది, అంతే.

అందుకని పాప మొదటిసారి అడిగినప్పుడు ప్రేమగా, పూర్తిగా జవాబు చెప్పండి. రెండోసారి వస్తే దగ్గరికి తీసుకుని, "ఇందాక మాట్లాడుకున్నాం కదా. ఆ అనుమానం అలాగే ఉండనిద్దాం. నేను పక్కనే ఉంటా, పడుకో" అనండి. మళ్లీ ఒప్పుకోలు ప్రార్థన చేయించకండి. మొదటి కొన్ని రాత్రులు ఏడుస్తుంది. మీకు గుండె తరుక్కుపోతుంది. అయినా పక్కన కూర్చోండి, జవాబు మాత్రం మళ్లీ ఇవ్వకండి. ఈ ఆలోచనలు రోజులో గంటకు మించి తింటున్నా, నిద్ర, చదువు, తిండి దెబ్బతింటున్నా సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ఒకే ఆలోచన పదే పదే వచ్చి వదలని ఓసీడీ అనే సమస్య కొందరిలో భక్తి రూపంలోనే బయటపడుతుంది. దానికి చికిత్స ఉంది, పిల్లల్లో బాగా పనిచేస్తుంది. మీ పాపకు అదే ఉందని ఉత్తరం చూసి నేను చెప్పలేను, చూసి తేల్చాల్సింది వాళ్లు. ఇంకొకటి, "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా నాన్నా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి, అలా జరగదు. అవునంటే ఒక్కరోజు కూడా ఆగకుండా డాక్టరును కలవండి.

మోకాళ్ల మీద ఉంచే శిక్ష ఆగిపోవాలి. దీని మీద చర్చ వద్దు, వాక్యాలతో వాదన అసలే వద్దు. "మీరు మళ్లీ అలా చేస్తే నేను పాపను లేపి నాతో తీసుకెళ్తాను" అని చెప్పండి, చెప్పినట్టు చేయండి. ఆయన చెయ్యి ఎత్తే మనిషైతే, లేదా మీకే భయంగా ఉంటే, ఒక్కరే తలపడకండి. పాపను తీసుకుని నమ్మకమైన పెద్దవాళ్ల ఇంటికి వెళ్లి, అక్కడి నుంచి మాట్లాడండి.

ఇక మీవారు రోజూ వాడే ఆ మాట, దేవుని భయం. దాన్ని ఆయన ఎక్కడినుంచి తీసుకున్నారో అక్కడికే వెళ్లి చూద్దాం. లేవీయకాండం 19వ అధ్యాయం 14వ వచనం తెరవండి. చెవిటివాణ్ణి తిట్టవద్దు, గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టవద్దు, నీ దేవునికి భయపడు అని ఉంటుంది. చెవిటివాడికి మీ తిట్టు వినపడదు. గుడ్డివాడికి ఎవరు అడ్డం పెట్టారో తెలియదు. వాళ్లు తిరిగి మిమ్మల్ని ఏమీ చేయలేరు. అలాంటి చోట దేవునికి భయపడు అంటోంది వాక్యం. అదే అధ్యాయంలో ముసలివాళ్ల విషయంలోనూ ఆ మాటే. 25వ అధ్యాయంలో పేదరికంతో అమ్ముడుపోయి నీ దగ్గర పనిచేసే సహోదరుణ్ణి కఠినంగా చూడవద్దు అన్నాక మళ్లీ అదే, నీ దేవునికి భయపడు. ఐగుప్తులో హెబ్రీయులకు పుట్టిన మగపిల్లల్ని చంపమని రాజు ఆజ్ఞ ఇస్తే, మంత్రసానులు దేవునికి భయపడి పిల్లల్ని బతకనిచ్చారు. యూదా దేశానికి అధికారిగా ఉన్న నెహెమ్యా తనకు ముందున్న అధికారులు జనం మీద భారం మోపారని చెప్పి, దేవుని భయం వల్ల తాను అలా చేయలేదంటాడు. అమాలేకీయుల గురించి ద్వితీయోపదేశకాండం ఏమంటుందో కూడా చూడండి. ఐగుప్తు నుంచి వస్తున్న ఇశ్రాయేలీయుల్లో అలసి వెనకబడిన బలహీనుల మీద పడ్డారు, దేవునికి భయపడలేదు.

ఇవన్నీ వరసగా చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ప్రతిచోటా దేవుని భయం ఆపుతున్నది బలవంతుడి చేతినే. ఎదుటివాడు తిరిగి ఏమీ చేయలేడని తెలిసినా, చూసేవాడు పైన ఉన్నాడని వెనక్కి తీసుకున్న చెయ్యి అది. మీ ఇంట్లో పన్నెండేళ్ల పిల్లకూ నలభై దాటిన తండ్రికీ మధ్య బలవంతుడెవరో వేరే చెప్పాలా? దేవుని భయం ముందు ఆయన గొంతు మీద పనిచేయాలి.

అననీయ, సప్పీరాల కథ గురించి కూడా ఒక మాట. వాళ్లు పెద్దవాళ్లు. పొలం వాళ్లది, అమ్మిన డబ్బూ వాళ్ల చేతిలోనే ఉంది, ఇవ్వమని ఎవరూ బలవంతం చేయలేదని పేతురే అంటాడు. కొంత దాచుకుని అంతా ఇచ్చినట్టు సంఘం ముందు నటించారు. భక్తి పేరు కోసం ఆడిన అబద్ధం అది. హోంవర్క్ చేశానని బొంకిన పిల్లకు ఆ కథ చదివిస్తే, అబద్ధం ఆడితే చచ్చిపోతానని తప్ప ఆ పిల్లకు ఇంకేం అర్థమవుతుంది? రాత్రి లేచి వస్తోందంటే వస్తుంది మరి.

మీవారితో మాట్లాడేటప్పుడు తప్పులతో మొదలుపెట్టకండి. ఆ డబ్బుతో మొదలుపెట్టండి. నాకు ఆయన మీద గౌరవం ఉన్నది అక్కడే. ఎవరూ అడగలేదు, ఎవరికీ తెలియదు, బయటపడితే పరువు పోతుంది. అయినా లెక్కగట్టి కట్టారు. ఆ కూటాల్లో ఆయన్ను తాకింది నిజమైనదే చెల్లీ, దాన్ని తీసిపారేయకండి. "ఆ రోజు మీరు ఎవరూ చూడని చోట దేవునికి భయపడ్డారు. నాకు ఎంత గర్వంగా అనిపించిందో. ఆ భయమే పాప దగ్గర కూడా ఉండాలని అడుగుతున్నాను" అనండి. పాప రాత్రి అనే మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పండి, మీ వ్యాఖ్యానం కలపకండి. వీలైతే ఒక రాత్రి పాప లేచినప్పుడు ఆయన పక్క గదిలో మెలకువగా ఉండి వినేలా చూడండి. చాలామంది తండ్రులు వాదనకు కరగరు, ఆ గొంతు వింటే కరుగుతారు. తర్వాత కొలొస్సయుల పత్రికలో తండ్రులకు రాసిన ఆ ఒక్క వచనం, పిల్లల మనసు కుంగిపోకుండా వాళ్లకు కోపం పుట్టించవద్దన్నది, ఆయన్నే చదవమనండి. నాలుగున్నర ప్రార్థన ఆయన ఒక్కరే చేసుకోనీయండి. పాపకు నిద్ర కావాలి. కుటుంబ ప్రార్థన సాయంత్రం పది నిమిషాలు చాలు.

నాకు అనిపించేది ఇంకొకటుంది. తిరిగి కట్టిన డబ్బుతో ఆయన మనసు తేలిక పడలేదు. ఇన్నేళ్లు దేవుణ్ణి మోసం చేశానన్న టెన్షన్ లోపల అలాగే ఉండి ఉంటుంది. తనను తాను ఎంత కఠినంగా చూసుకుంటున్నారో మీ ఇద్దరినీ అంతే కఠినంగా చూస్తున్నారు. పన్ను వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్న రోజు, ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు యేసు. దానికి ముందే ఆ ఇంట్లో అతిథిగా అడుగుపెట్టాడు. మీవారికి డబ్బు కట్టడం గురించి చెప్పినవాళ్లున్నారు, ఆ అతిథి గురించి ఎవరూ చెప్పినట్టు లేరు. మీ పాస్టర్ గారు నెమ్మదైన మనిషైతే మీవారిని ఒక్కరినే పిలిచి మాట్లాడమని అడగండి.

సంఘం మారడం మాత్రం ఇప్పుడే వద్దు. గట్టి ప్రసంగం అవసరమే. నాతాను ప్రవక్త తప్పు చేసిన దావీదు రాజు ముందు నిలబడి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. కానీ చూడండి, ఆ వేలు రాజు వైపు చూపించాడు. యేసు "అయ్యో" అని గద్దించింది మతపెద్దలైన శాస్త్రుల్ని, పరిసయ్యుల్ని. చిన్నపిల్లల్ని ఎత్తుకుని దీవించాడు. కాబట్టి అలాంటి కూటాలు మళ్లీ జరిగితే పాపను వెంట తీసుకెళ్లకండి, పిల్లలకు వేరే తరగతి పెట్టమని పాస్టర్ గారిని అడగండి. మీ సంఘంలో ప్రతి వారం భయపెట్టి, తిరిగొచ్చే దారి ఎప్పుడూ చూపించకపోతే, లేక భయపడ్డ మనిషిని కానుకల సంచి వైపే నడిపిస్తుంటే, అప్పుడు మారడం గురించి ఇద్దరూ కూర్చుని ఆలోచించండి.

ఇప్పుడు మీ దగ్గరికి వస్తాను. దేవుడు మీవారి ముఖంతో కనిపిస్తున్నాడన్నారు. మీరు జారిపోలేదు చెల్లీ. ఇంట్లో రోజూ వినే గొంతే దేవుడి గొంతు అయిపోవడం చాలామందికి జరిగేదే. తోటలో ఆదాము దేవుని స్వరం విని భయపడి చెట్ల చాటున దాక్కున్నాడు. మీరు ప్రార్థన మానేసింది కూడా ఆ చాటే. అక్కడ కూడా దేవుడు మొదట అడిగింది "నీవు ఎక్కడ ఉన్నావు?" అని.

130వ కీర్తన నాలుగో వచనం చూడండి. జనులు నీయందు భయభక్తులు నిలుపునట్లు నీయొద్ద క్షమాపణ దొరుకును అంటుంది. శిక్ష ఉంది కాబట్టి భయపడాలి అనడం మనకు అలవాటు. ఈ కీర్తన క్షమాపణ ఉంది కాబట్టి భయభక్తులు అంటోంది. ఎన్నిసార్లు చదివినా నాకు ఇది కొత్తగానే ఉంటుంది. మిమ్మల్ని పూర్తిగా తెలిసినవాడు, తెలిసి కూడా క్షమించినవాడు ఎదురుగా ఉంటే తల దానంతట అదే వంగుతుంది. వెన్ను వణికే భయానికీ దానికీ పోలికే లేదు. మీ పెద్దవాళ్లలో ఒక్కరినైనా అలా తల వంచి ప్రార్థించడం చూసే ఉంటారు. ఇప్పుడు మీవారి ముఖం అడ్డొస్తుంటే వాళ్లను గుర్తు తెచ్చుకోండి.

పెద్ద ప్రార్థనలు చేయకండి. మాటలు రాకపోతే ఆ కీర్తన ఒక్కటి పైకి చదవండి, అది ఎనిమిది వచనాలే. అది కూడా చేయాలనిపించని రోజు ఊరికే కూర్చోండి. ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు. ఎవరైనా ఒక స్నేహితురాలికి, సంఘంలో వాళ్లయినా బయటివాళ్లయినా, ఈ సంగతంతా చెప్పుకోండి. ఎనిమిది నెలలుగా మీరొక్కరే మోస్తున్నారు.

నెల రోజులు ఆగి మళ్లీ రాయండి. పాప రాత్రి ఎన్నిసార్లు లేస్తోందో ముందు అది రాయండి, మిగతావన్నీ తర్వాత.