పసుపు కరిగే లెక్క

ప్రశ్న: సార్, ఎం.ఫార్మసీ ప్రాజెక్టుకి పసుపుకి రంగిచ్చే కర్క్యుమిన్ తీసుకున్నా. ఏ సాల్వెంట్‌లో ఎంత కరుగుతుందో ముందు లెక్కేసి తర్వాత ల్యాబ్‌లో చూడమన్నారు మా గైడ్. ఇథనాల్‌కి యూనిఫాక్‌తో (అణువు నిర్మాణాన్ని బట్టి లెక్క వేసే మోడల్) వచ్చిన నంబరుకీ ఫ్లాస్కులో తేలినదానికీ మూడు రెట్లు తేడా. తప్పు మోడల్‌దా, నాదా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: పసుపు మార్కెట్ ఉన్న ఊరి నుంచే ఈ ప్రశ్న రావడం బాగుంది. మూడు రెట్లంటే ఈ లెక్కల్లో పెద్ద ఘోరమేం కాదు, కంగారు పడకండి.

గట్టి పదార్థం కరగాలంటే ముందు స్ఫటికం విడిపోవాలి, ఆ తర్వాత విడిపోయిన అణువు సాల్వెంట్‌లో కలవాలి. యూనిఫాక్ చూసేది ఆ రెండోదాన్నే. మొదటిదానికి మెల్టింగ్ పాయింట్, ద్రవీభవన గుప్తోష్ణం (కరిగించడానికి పట్టే వేడి) మీరే ఇవ్వాలి, చాలామంది ఏదో పేపర్లోంచి ఆ నంబరు ఎత్తేసుకుని తర్వాత మోడల్‌ని తిడతారు. ఒకసారి చేత్తో లెక్క వేసి చూడండి: మెల్టింగ్ పాయింట్ 183 డిగ్రీలు, గుప్తోష్ణం మోల్‌కి 50 కిలోజౌళ్లు అనుకుంటే 25 డిగ్రీల దగ్గర ఐడియల్ సాల్యుబిలిటీ, అంటే సాల్వెంట్ ప్రభావం లేదనుకున్నప్పటి కరుగుదల, మోల్ ఫ్రాక్షన్‌లో (మొత్తం అణువుల్లో దీని వంతు) దాదాపు 0.0009 వస్తుంది, అదే 50 బదులు 55 పెట్టారంటే దాదాపు సగానికి పడిపోతుంది. పది శాతం తేడాకే సగం పోయింది చూశారా, ఇంకా యూనిఫాక్ దాకా వెళ్లనేలేదు! అందుకే మీ శాంపిల్‌కి మీరే డీఎస్‌సీ (మెల్టింగ్ పాయింట్, గుప్తోష్ణం కొలిచే పరీక్ష) చేయించండి. షాపులో కర్క్యుమిన్ అని అమ్మేదాంట్లో మామూలుగా డీమెథాక్సీ, బిస్‌డీమెథాక్సీ అనే దగ్గరి చుట్టాల్లాంటి రకాలు కూడా కలిసే ఉంటాయి, పైగా దీనికి ఒకటికి మించి స్ఫటిక రూపాలున్నాయి.

అలాగని యూనిఫాక్‌ది తప్పే లేదని కాదు. 1975లో వచ్చిన ఈ పద్ధతి అణువుని ముక్కలు ముక్కలుగా చూస్తుంది, ఈ ముక్క పక్కన ఏ ముక్క ఉందో పెద్దగా పట్టించుకోదు. కర్క్యుమిన్ ఈనాల్ రూపంలో మధ్యలో ఉన్న హైడ్రోజన్ రెండు ఆక్సిజన్ల మధ్యే ఇరుక్కుని ఉంటుంది, మోడల్ మాత్రం అది ఇథనాల్‌తో చేయి కలపడానికి ఖాళీగా ఉందనుకుంటుంది. నన్నడిగితే నాలుగైదు సాల్వెంట్లలో ల్యాబ్‌లో కొలిచి, ఆ డేటాతో ఎన్‌ఆర్‌టీఎల్-శాక్ అనే మోడల్‌ని ఫిట్ చేసి, మిగతావాటికి దాన్ని వాడండి అంటాను. కొలవడానికి సరుకే లేకపోతే కాస్మో-ఆర్‌ఎస్ (కొలతలు లేకుండా క్వాంటం లెక్కలతో అంచనా వేసే మోడల్), అది కూడా ఏ సాల్వెంట్ మెరుగు అనే వరుస తెలుసుకోడానికే.

ప్రశ్న: పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా అవుతుంది కదా, అంటే క్షారంలో బాగా కరిగినట్టేనా? పసుపులోంచి కర్క్యుమిన్‌ని అలాగే బయటికి తీయొచ్చుగా?
– అదే పాఠకురాలు

జవాబు: కరుగుతుంది, అణువులోని ఓహెచ్ (ఆక్సిజన్-హైడ్రోజన్) గుంపులు ప్రోటాన్ వదిలేసి అణువుకి చార్జి వస్తుంది కాబట్టి. అయితే మామూలు యూనిఫాక్‌కి అయాన్ల సంగతి తెలీదు. అంతకన్నా పెద్ద చిక్కేంటంటే పీహెచ్ 7.2 బఫర్‌లో, 37 డిగ్రీల దగ్గరే అరగంటలో 90 శాతం దాకా కర్క్యుమిన్ విడిపోతుంది, ఇక సున్నం నీళ్లలో పెట్టి రాత్రంతా షేక్ చేశారనుకోండి, తెల్లారాక మీరు కొలిచేది కర్క్యుమిన్‌ని కాదు.