సమాధానం: వెస్ట్‌ఫేలియా సంధిలో సార్వభౌమాధికారం ఎక్కడుంది?
సార్వభౌమాధికారం (పైన ఎవరి పెత్తనమూ లేని అధికారం) ఉన్న ఆధునిక రాజ్యాలు, యూరప్‌లో ముప్పై ఏళ్ల యుద్ధాన్ని ముగించిన వెస్ట్‌ఫేలియా సంధితోనే పుట్టాయని గైడ్లలో ఉంది, ఒప్పందంలో మాత్రం ఆ మాట దొరకడం లేదు, పరీక్షలో ఏం రాయాలి అని అడిగారు కదా. టెన్షన్ వద్దు, మీ అనుమానం సరైనదే.

1648 అక్టోబర్ 24 నాటి ఆ ఒప్పందాలు జర్మన్ పాలకులకు బయటివాళ్లతో పొత్తు పెట్టుకునే హక్కు ఇచ్చాయి, కానీ అది వాళ్ల పైనున్న పవిత్ర రోమన్ సామ్రాజ్యానికీ దాని చక్రవర్తికీ వ్యతిరేకంగా ఉండకూడదు. అంటే వాళ్లు పూర్తి స్వతంత్రులు కాలేదు. ఆ సామ్రాజ్యం 1806 దాకా నిలిచే ఉంది. గైడ్లు చెప్పే కథ చాలావరకు తర్వాతి కాలం వాళ్లు అల్లింది.

నిజంగా లోతుగా నాటుకున్నది మతం గురించి కుదిరిన ఏర్పాటే. 1624ను ప్రామాణిక సంవత్సరంగా పెట్టుకుని, అప్పటికి ఏ చర్చి ఎవరి చేతిలో ఉంటే అది వాళ్లదే అన్నారు. ప్రొటెస్టంట్లలో ఒక శాఖ అయిన కాల్వినిస్టులకూ గుర్తింపు వచ్చింది. బిషప్పే పాలించే జర్మన్ ప్రాంతం ఒస్నాబ్రుక్‌లో అయితే ఒకసారి కాథలిక్ బిషప్, మరోసారి ప్రొటెస్టంట్ బిషప్, ఇలా వంతులు నడిచాయి, ఆ వంతులోనే 1764లో బ్రిటిష్ రాజు మూడో జార్జ్ కొడుకు ఫ్రెడరిక్ నెలల పసివాడిగానే బిషప్ అయ్యాడు! జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరంలో ఈ సంధిని గుర్తుచేసుకునే శాంతి పండుగకు ఆగస్టు 8న ఈ రోజుకీ సెలవు.

జవాబులో ముందు ఇవి రాయండి, గైడ్ వాక్యాన్ని చివర్లో "తర్వాతి వ్యాఖ్యానం" అని పెట్టండి.